కూర్చున్న ఎత్తు

మా ఆయన రస్ నిలబడితే మామూలు మనిషి, కూర్చుంటే మాత్రం తాటిచెట్టు. కాళ్లు పొట్టి, మొండెం పొడుగు. పెళ్లికి ముందు సినిమాలకు తిరిగే రోజుల్లో వెనక వరసవాళ్లు అతన్ని తిట్టని ఆట లేదు. నాకు ఇలాంటివి ఇట్టే కనిపిస్తాయి. గాల్వెస్టన్ రోడ్డు మీద బట్టలు సరిచేసే దుకాణం నాది, ఒక పక్క డోనట్ల కొట్టు, ఇంకో పక్క గోళ్లకు రంగులేసే కొట్టు. మనిషి తలుపు తోసుకుని రాగానే నా కళ్లు ముందు భుజాలు కొలుస్తాయి, ముఖం తర్వాత చూస్తాయి. వ్యోమగాముల నీలం సూట్లు సగం నా చేతి మీదుగానే పోయేవి. పొట్టల దగ్గర ఎంతమందికి గుడ్డ వదిలానో చెబితే హ్యూస్టన్‌లో కొన్ని కాపురాలు కూలిపోతాయి.

రస్ మొండెం మీద నేను వేసిన జోకులకు లెక్క లేదు. ఆ మొండెమే మా కొంప ముంచుతుందని అప్పుడెవరు అనుకుంటారు?

ఆఖరి షటిల్ అంతరిక్షం నుంచి దిగిన రోజు తెల్లారకముందే కాన్సీ ఇంట్లో చేరాం. కాన్సీ అంటే కాన్సువేలో బర్రేరా. లరేడో ఊరి పిల్ల, రస్‌తో పాటు ఒకే జట్టులో వ్యోమగామిగా ఎంపికైంది. మనిషి నా భుజం దాకా వస్తుంది, నోరు మాత్రం ఇంటి కప్పు దాకా. గుడ్డూ బంగాళాదుంపా కూరిన టాకో రొట్టెలు పళ్లెంలో కుప్పగా పోసి పెట్టింది, ఎవరూ ముట్టుకోలేదు. టీవీలో ఓడ చీకట్లోంచి వచ్చి నేలను తాకింది, పరుగెత్తింది, ఆగింది. చప్పట్లు కొట్టాలో ఏడవాలో తెలియక అందరం కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డాం.

"అయిపోయింది. ఇక పైకి పోవాలంటే మనకి సొంత బండి లేదు, పరాయివాడి బండిలో మూలన చోటు అడుక్కోవాలి," అంది కాన్సీ.

"ఐదేళ్లలో కొత్త ఓడ తయారవుతుందంటున్నారుగా," అన్నాడు రస్.

"మనం చేరినప్పుడూ ఐదేళ్లే అన్నార్రా. ఆ ఐదేళ్లు మాత్రం కదలవు, ముసలాళ్లయ్యేది మనమే."

అందరూ నవ్వారు. రస్ కూడా నవ్వాడు, కానీ అతని చెయ్యి చొక్కా కాలరు మీదికి పోవడం నేను చూశాను. వాళ్లలో ఒక పద్ధతుంది. శిక్షణ ముగించినవాళ్లకు వెండి పిన్ను ఇస్తారు, పైకి వెళ్లొచ్చినవాళ్లకు బంగారు పిన్ను. కాన్సీది బంగారం. రస్‌ది పదకొండేళ్లుగా వెండి. అతని పేరున్న ప్రయాణం ఒకటి ఉండేది. ఓడల్ని ఆపేద్దామని తేల్చినప్పుడు ప్రయాణాలు కుదించారు, అది ఆ కుదింపులో కొట్టుకుపోయింది. ఈ పదకొండేళ్లూ అతను కింద కూర్చుని, పైనున్నవాళ్లతో రేడియోలో మాట్లాడాడు. వాళ్ల పుట్టినరోజులకు కిందనుంచి పాటలు పాడాడు. వాళ్ల భార్యలకు ప్రసవాలైతే కబురు మోశాడు. పెళ్లికొడుకు తప్ప పెళ్లిలో మిగతా పనులన్నీ చేసిన మనిషి.

ఇక మిగిలింది రష్యావాళ్ల సోయుజ్ ఒక్కటే. షటిల్ బస్సు లాంటిది, ఎవరైనా కూర్చోవచ్చు. సోయుజ్ అలా కాదు. ముగ్గురు మనుషుల్ని మోకాళ్లు గడ్డానికి తగిలేలా మడిచి సర్దే డబ్బా అది. ఎవరి సీటు వాళ్ల ఒంటికి అచ్చు పోసి చేస్తారు. నేలకు తిరిగొచ్చేటప్పుడు తగిలే దెబ్బ కారు గుద్దుకున్నట్టే ఉంటుందట. తల సీటు అంచు దాటి ఉంటే మెడ మిగలదు. పైగా బరువు లేని చోట వెన్ను సాగుతుంది కాబట్టి ఆ సాగే మందం కూడా ముందే వదలాలి. అందుకని కూర్చున్న ఎత్తు తొంభై తొమ్మిది సెంటీమీటర్లు దాటిన మనిషిని ఎక్కించరు.

ఆ శరదృతువులో ఒక సీటు తేలింది. ఇద్దరి పేర్లు అనుకున్నారు, రస్, కాన్సీ. "ఈసారి వాడి వంతు, నేనొకసారి చూసొచ్చాగా" అని కాన్సీ తనే పెద్దలకు చెప్పింది. అందరూ సరేనన్నారు. కొలతొక్కటే మిగిలింది.

కొలిచింది ప్రూయిట్. వ్యోమగాముల డాక్టరు, మా వీధిలోనే ఇల్లు, కుక్కను తిప్పుతూ రోజూ కనిపించే మనిషి. ఆ రోజు రస్ ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టాడు.

"వంద దాటింది," అన్నాడు. "ఎంతో కాదు డీనా, ఒక వేలి మందం."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కబురు తెలిసి కాన్సీ పరుగెత్తుకొచ్చింది.

"గుండు కొట్టించుకోరా పొడుగోడా."

"జుట్టు నొక్కి కొలుస్తారే."

"అయితే కిందనుంచి తగ్గించు. నీ వెనకభాగంలో కోసెయ్యడానికి బోలెడు సరుకుంది."

రస్ నవ్వలేదు. ప్రూయిట్ అన్నమాటొకటి అతని బుర్రలో తిరుగుతోంది. పొద్దున్నే కొలిచాం, మధ్యాహ్నమైతే ఇంత రాదు, పగలంతా బరువు మోసి ఎవరి వెన్నయినా కాస్త కుంగుతుంది, ఆరు వారాలు పోయాక మధ్యాహ్నం పూట ఇంకోసారి చూద్దాం అన్నాడట. ఓదార్పుగా అన్నాడు పాపం. మామూలు మనిషైతే ఆ మాట విని ఇంటికొచ్చి పడుకునేవాడు. వీళ్లు మామూలు మనుషులు కారు. ఒంట్లో బరువు లేకపోతే ఎముకలు ఏమవుతాయి, నెత్తురు ఎటు పోతుంది, వెన్ను ఎంత సాగుతుందన్నదే వీళ్ల చదువు.

"పైన బరువు లేక రెండంగుళాలు సాగుతాం. అది రాసిపెట్టిన విషయం," అన్నాడు రస్, కూర కలుపుతున్న గరిటె నా చేతిలోంచి లాక్కుని దాంతోనే గాల్లో బొమ్మ గీస్తూ. "బరువు తీసేస్తే సాగేది, బరువు పెంచితే కుంగదా?"

"కుంగుతుంది. ఎక్కడ ఆగాలో దానికెవరు చెబుతారు?"

"ఆరు వారాలే డీనా."

వారం తిరక్కుండా పక్కనే ఉన్న కీమా అనే రేవు ఊళ్లో వలలకు కట్టే సీసం గుళ్లు సంచెడు కొనుక్కొచ్చాడు. దాన్ని నా కుట్టుమిషను పక్కన పెట్టి, చిన్నపిల్లాడు చాక్లెట్ అడిగినట్టు నిలబడ్డాడు. నేను కుట్టాను. లోపల వేసుకునే బనీను లాంటిది, చుట్టూ సన్నటి అరలు, అరకిన్ని గుళ్లు, భుజాల దగ్గర మెత్తలు. చొక్కా కింద కనబడకుండా, నడిస్తే గలగలలాడకుండా, బరువంతా వెన్ను మీద సమంగా పడేలా కుట్టాను. పెళ్లికూతుళ్ల గౌన్లు కూడా నేనంత శ్రద్ధగా కుట్టలేదు. పదకొండేళ్ల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాక వద్దనడానికి నాకు నోరు రాలేదు. మీకు వస్తుందేమో మీరు చూసుకోండి.

దాన్ని వేసుకునే గడ్డి కోశాడు, దాంతోనే బజారుకొచ్చాడు, దాంతోనే చర్చికొచ్చాడు. అతను కూర్చుంటే బెంచీ మూలిగింది. ప్రార్థన అయ్యాక పాస్టరు ప్రేమగా భుజం మీద చరిచి, నొప్పికి చెయ్యి విదిలించుకున్నాడు.

"ఏంటి రస్, కండలు పెంచుతున్నావా?"

"లేదు పాస్టరు గారూ, వయసు మీద పడుతోంది. బరువెక్కుతున్నా."

నేను పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. మొదటి రెండు వారాలు మాకు నిజంగా సరదాగానే గడిచాయి. సాయంత్రం కాగానే హాల్లో గోడకు ఆనించి చెక్క పీట వేసేదాన్ని. బనీను విప్పేసి, వీపు గోడకు అంటించి కూర్చునేవాడు. నెత్తిన మూలమట్టం పెట్టి, గోడ మీద పెన్సిల్ గీత గీసి, టేపు పట్టి చదివేదాన్ని. గీతలు ఒకదాని కింద ఒకటి దిగుతూ వచ్చాయి. ఆ గీతలు చూసి అతను ఈల వేసేవాడు.

తర్వాత పడుకోవడం మానేశాడు. పడుకుంటే రాత్రంతా వెన్ను సాగి, పొద్దున్నకు మళ్లీ మొదటికొస్తుందట. హాల్లో వాలుకుర్చీ నిటారుగా పెట్టి, బనీను వేసుకునే, అందులో కూర్చుని నిద్రపోయేవాడు. నా మంచం సగం ఖాళీ. పొద్దున్నే లేచి చూస్తే తల ఒక పక్కకు వేలాడేసి, నోరు తెరుచుకుని, బస్సులో ప్రయాణికుడిలా ఉండేవాడు. నాకు నవ్వు రావడం ఆగిపోయింది.

ఒకరోజు వంటింట్లోంచి హాల్లోకి నడుస్తుంటే అతని ఎడమ కాలి చెప్పు జారి గుమ్మంలో ఉండిపోయింది. అతను ఉత్త కాలితోనే వెళ్లి కూర్చున్నాడు. చెప్పు లేదన్న సంగతే తెలియలేదు.

"ఆ కాలికి స్పర్శ ఉందా?" అన్నాను.

"తిమ్మిరి. కుర్చీలో పడుకుంటున్నా కదా."

"ప్రూయిట్‌కి చెప్పు."

"చెబితే ఆపేస్తాడు."

"ఆపితే ఆపనీ. మీ ఆఫీసువాళ్లు నీకేమైనా కొత్త వెన్ను ఇస్తారా?"

అతను నా ముఖంలోకి చూడకుండా అన్నాడు: "స్కూళ్లకి పంపిస్తారు నన్ను. నువ్వు కుట్టిన నీలం సూటు వేసుకుని వెళ్లి పిల్లలకి చెబుతాను. చివర్లో ఎవడో ఒకడు అడుగుతాడు, పైన ఎలా ఉంటుంది అని. నేనింకా వెళ్లలేదమ్మా అంటాను. మరి ఎప్పుడెళ్తారు అంటాడు. ఇన్నేళ్లూ వచ్చే ఓడకి అని చెప్పాను డీనా. ఇప్పుడేమని చెప్పను? ఓడే లేదు."

చెప్పు తెచ్చి అతని కాలికి తొడిగాను.

ఆరు వారాలయ్యాక మధ్యాహ్నం కొలతలో గట్టెక్కాడు. బనీను కారులోనే విప్పేసి లోపలికి వెళ్లాడు. తొంభై తొమ్మిదికి వెంట్రుకవాసి తక్కువ వచ్చిందట. ప్రూయిట్ రెండుసార్లు చూసి, వీపు తట్టి పంపాడు. రష్యాలో అచ్చు పోసేదాకా బనీనూ కుర్చీ నిద్రా మాననన్నాడు రస్. ఆ శనివారం మా పెరట్లో మాంసం పొగబెట్టి అందరినీ పిలిచాం. రస్ అందరికీ తనే వడ్డించాడు, ఎవరినీ కూర్చోమని మాత్రం అనలేదు, తనూ కూర్చోవాల్సి వస్తుందని, కూర్చుంటే లేవడం కష్టమని. చేతిలో కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి ఎడమ కాలు నేల మీద ఆనీ ఆనకుండా ఉంది.

పళ్లేలు తీసుకెళ్లే సాకుతో కాన్సీ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. హాల్లో వాలుకుర్చీ, దాని మీద దిండూ దుప్పటీ చూసినట్టుంది.

"ఏమే, వాడు కుర్చీలో పడుకుంటున్నాడా?"

"గురక పెడుతున్నాడు. నేనే తోలేశాను."

"నాతోనా నీ కబుర్లు?" గొంతు తగ్గించింది. "కాలు ఈడుస్తున్నాడు. ఇందాక కౌగిలించుకుంటే ఒళ్లంతా చెమట, చొక్కా కింద ఏదో గట్టిగా తగిలింది. ఎంత బరువు మోస్తున్నాడే?"

నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

"వెంటనే ఆపించు. నేను చెబితే వాడి సీటు నాకొస్తుంది. సీటు కోసం చెప్పిందంటారు. వాడూ అలాగే అనుకుంటాడు, చచ్చేదాకా అనుకుంటాడు. నేను చెప్పలేను డీనా. నువ్వే ప్రూయిట్‌కి చెప్పాలి."

"నేను చెబితే మాత్రం చచ్చేదాకా ఏమనుకుంటాడు?"

ఆమె పళ్లేలు పెట్టేసి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు కాన్సీ మీద ఒళ్లు మండిపోయింది. తన చేతులకు మట్టి అంటకుండా చూసుకుని, నా మొగుడి వెన్నుపూసను నా చేతిలో పెట్టి పోయింది. నేను ప్రూయిట్ ఇంటి దాకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ అతని కుక్కను నిమిరి, వాతావరణం గురించి మాట్లాడి వెనక్కి వచ్చాను.

ఫిబ్రవరిలో రస్ మాస్కో పక్కనున్న శిక్షణ ఊరికి వెళ్లాడు. అచ్చు పోసిన రోజు ఫోను చేశాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, పిల్లాడి గొంతు.

"తెల్లటి బనీనూ లాగూ వేయించి తొట్టిలో కూర్చోబెట్టారు డీనా, మోకాళ్లు ఇక్కడికి మడిచి. గెన్నాది పావ్లోవిచ్ అని ఒక ముసలాయన, చుట్టూ సున్నంలాంటి ముద్ద పోశాడు. మొదట చల్లగా ఉంది, తర్వాత వెచ్చబడింది. బయటికి తీశాక నా ఆకారం అందులో ఉండిపోయింది."

"నీ మొండెం చూసి ఏమన్నాడు ముసలాయన?"

"మీ అమ్మ కాళ్ల దగ్గర పిసినారితనం చేసింది అన్నాడు. దుబాసీ చెప్పడానికి సిగ్గుపడ్డాడు. డీనా, నాకంటూ ఒక కుర్చీ ఉంది. నాకు తప్ప ఇంకెవరికీ పట్టదు. ఇక ఎవరూ నన్ను కుదించలేరు."

"కాలెలా ఉంది?"

"బాగుంది," అన్నాడు. అబద్ధమాడేటప్పుడు అతను ఎప్పుడూ ఒక్క మాటతో సరిపెడతాడు.

అచ్చులోంచి సీటు తయారయ్యాక మనిషిని అంతరిక్ష సూటుతో సహా అందులో కట్టేసి, కొన్ని గంటలు ఉంచి చూస్తారు. ఎక్కడ ఒత్తుతోంది, ఎక్కడ చెక్కాలి అని. ఆ రోజు ఏం జరిగిందో నాకు తర్వాత దుబాసీ చెప్పాడు. సమయమైపోయి పట్టీలు విప్పాక, రస్ లేవలేదట. "ఇంకొంచెం సేపు కూర్చుంటాను" అన్నాడట. అక్కడివాళ్లు నవ్వారట. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి కదా, ముచ్చట తీర్చుకోనీ అనుకున్నారట. టీ తాగొచ్చారు. వచ్చి చూస్తే అలాగే కూర్చున్నాడు, ముఖం సున్నంలా పాలిపోయి. చంకల కింద చేతులు వేసి లేపితే రెండు కాళ్లూ వేలాడాయి. లోపలి లాగు తడిసిపోయి ఉంది. ఆ సంగతి అతనికి తెలియలేదు. అది చూసి గెన్నాది పావ్లోవిచ్ తన కోటు విప్పి అతని నడుముకి చుట్టాడట.

వెంటనే ఆపరేషన్ చేయకపోతే కాళ్లు దక్కవన్నారు. నేను విమానం దిగేసరికి అయిపోయింది. నలిగి బయటికొచ్చిన రెండు డిస్కులు తీసేసి, పైపూసకీ కిందిపూసకీ మరలు బిగించి కలిపేశారు. మంచి డాక్టర్లు, వాళ్లను అనడానికి ఏమీ లేదు. రస్ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి, "సీటు బాగా కుదిరింది," అన్నాడు. అతన్ని ముద్దుపెట్టుకోవాలో చెంప పగలగొట్టాలో నాకు అర్థం కాలేదు. ముద్దే పెట్టుకున్నాను. చెంప సంగతి ఇప్పటికీ మనసులో ఉంది.

హ్యూస్టన్ తిరిగొచ్చాక ప్రూయిట్ మా గుమ్మంలోకి వచ్చాడు, ఈసారి కుక్క లేదు. అంతా తెలిసింది అతనికి. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. పైకి పంపేవాళ్లలో ఇక రస్ పేరుండదని, చిన్న విమానం కూడా నడపకూడదని రస్ ముందరే చెప్పాడు. నాతో మాత్రం వాకిట్లో ఇంకో మాట అన్నాడు: "ఇంకొక్క దెబ్బ తగిలినా చక్రాల కుర్చీయే డీనా. మళ్లీ ఏ పిచ్చి పనీ చేయనివ్వకు. నువ్వు చూసుకోవాలి."

"అందరూ నాకే అప్పజెప్పండి," అన్నాను. తలుపు కాస్త గట్టిగానే వేశాను.

సీటు కాన్సీకి వచ్చింది. రష్యాకి బయల్దేరేముందు మా ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా సోఫా అంచున కూర్చుంది. రస్ చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు. ఎడమ పాదం ఇక పైకి లేవదు, ఈడ్చాల్సిందే.

"నువ్వు వద్దంటే వద్దంటాను," అంది కాన్సీ.

"పిచ్చి మాటలాడకు. పద్దెనిమిది నెలల చదువుంది, వెళ్లి చదువుకో," అన్నాడు రస్. చేతికర్ర తిప్పుతూ, "నా అచ్చు ఏం చేశారు?" అని అడిగాడు.

కాన్సీ నా వంక చూసింది. దానికి అబద్ధం చేతకాదు.

"పగలగొట్టారు. నా కొలతకి కొత్తది పోస్తారు."

"పగలగొట్టాలి మరి, చోటెక్కడుంది అక్కడ," అన్నాడు రస్. ఆమె వెళ్లిపోయేదాకా మామూలుగానే ఉన్నాడు. వెళ్లాక స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పేశాడు. నీళ్ల చప్పుడులోంచి కూడా నాకు వినిపించింది.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పడానికేమీ లేదు. ఆఫీసులో అతనికో బల్ల ఇచ్చారు. కొత్త ఓడల కోసం ఎవరెవరో వేసిన బొమ్మలు చూసి అభిప్రాయం చెప్పే పని. ఆ ఓడలు కాగితం మీదినుంచి దిగేనాటికి తను రిటైరవుతానని అతనికి తెలుసు. ఇంటికొచ్చి తినీ తినకుండా లేచిపోయేవాడు. నా దుకాణంలో సూట్లు తగ్గాయి. చాలామంది ఊరు వదిలిపోయారు. ఉన్నవాళ్లు గుడ్డ వదలమని కాదు, చిక్కిపోయామని కుట్టు బిగించమని వచ్చేవాళ్లు.

కాన్సీ పైకి వెళ్లిన మూడో రోజు పొద్దున, అంతరిక్ష కేంద్రంలోంచి ఆమె మాట్లాడుతుంటే టీవీలో చూశాం. ముఖం ఉబ్బింది, జుట్టు గొడుగులా విచ్చుకుని నిలబడింది. చిన్నప్పటి నుంచీ అందరినీ కిందనుంచే చూసిన పిల్ల, కప్పుకు తల ఆనించి నవ్వుతోంది. రస్ రెప్పవేయకుండా చూశాడు. అతని ముఖంలో అసూయ ఉంటుందేమోనని వెతికాను. లేదు. అంతకన్నా నాకు భయమేసేదే కనిపించింది. ఆ పాత వెలుగు.

"నన్నోసారి కొలువు డీనా," అన్నాడు.

"ఎందుకు?"

"రెండు డిస్కులు తీసేశారు కదా. ఎంతో కొంత తగ్గుంటాను. వెన్నులో మరలున్న మనుషులు కూడా మళ్లీ విమానాలు నడిపారట, నేను చదివాను. కొలత ఒక్కటీ కుదిరిందనుకో, ప్రూయిట్‌ని మళ్లీ అడుగుతాను. రెండేళ్లు బాగా వ్యాయామం చేస్తే... ఈ కర్ర కూడా అలవాటు కొద్దీ పట్టుకుంటున్నానంతే." కర్రను సోఫా వెనకకు విసిరేశాడు. "ఇంకో సీటు ఎప్పుడో ఒకప్పుడు తేలుతుంది."

పీట తెచ్చి గోడకు వేశాను. అతను గోడ పట్టుకుని, ఎడమ కాలు చేత్తో ఎత్తి పెట్టుకుని, వీపు అంటించి కూర్చున్నాడు. గడ్డం నిటారుగా, కళ్లు ఎదురుగా, వాళ్లు నేర్పిన పద్ధతి ప్రకారం. నెత్తిన మూలమట్టం పెట్టాను. కొత్త గీత గీయలేదు. టేపు కిందనుంచి లాగి పట్టుకున్నాను.

తొంభై ఎనిమిది. పొద్దున, మంచం మీద వెల్లకిలా పడుకుని లేచిన వెన్నుతో, ఒంటి మీద ఒక్క సీసం గుండు లేకుండా, తొంభై ఎనిమిది. నా మొగుడు ఆ సీటులో సరిపోతాడు. హాయిగా సరిపోతాడు.

"ఎంత?"

"వంద," అన్నాను.

"వందా? సరిగ్గా చూడు."

మళ్లీ పెట్టాను మూలమట్టం. మళ్లీ లాగాను టేపు. "వంద. పైన ఇంకో గోరంత ఉంది."

"డిస్కులు తీసినా?"

"డిస్కులు ఎంత మందం ఉంటాయి రస్? నీ మొండెం అంతా ఎముకే."

అతను గోడకు తల ఆనించి కప్పుకేసి చూశాడు. నేను టేపు పిడికిట్లో నలుపుతూ నిలబడ్డాను. నా చేతులు చూసి కనిపెట్టేస్తాడేమోనని వాటిని వెనక్కి పెట్టుకున్నాను.

"నువ్వు కొలిచావంటే ఇక అంతే," అన్నాడు. "అంటే ఎన్ని కోసేసినా నేను పట్టేవాణ్ణి కాదన్నమాట."

"కావు."

"ఆ రోజు సీటులోంచి ఆరోగ్యంగా లేచి బయటికొచ్చినా, ఇంకో కొలతలో దొరికిపోయేవాణ్ణి."

"దొరికిపోయేవాడివి."

చాలాసేపు ఊపిరి బిగపట్టుకున్న మనిషి వదిలినట్టు వదిలాడు. భుజాలు దిగాయి. ముఖంలో వెలుగు పోయింది. నేను ఆర్పాను దాన్ని, నా చేత్తో. దాని చోట వచ్చింది ఏమిటో నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. నిశ్చింత. చేతికి అందింది జారిపోయిందని కాదు, అది ఎన్నడూ తనది కాదని తెలిసిన మనిషి నిశ్చింత.

"లేపు నన్ను. ఆకలేస్తోంది," అన్నాడు. "గుడ్లున్నాయా?"

లేపాను. కర్ర వెతికి చేతికిచ్చాను. వంటింట్లోకి వెళ్లి గుడ్లు పగలగొడుతుంటే ఒకటి నేలపాలైంది. హాల్లో టీవీలో కాన్సీ ఇంకా మాట్లాడుతూనే ఉంది, రస్ ఆమె జుట్టు చూసి నవ్వుతున్నాడు. పొయ్యి ముందు నిలబడి, అతనికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకున్నట్టు గుడ్డ పళ్ల మధ్య పెట్టుకుని ఏడ్చాను. అతను మళ్లీ ఎప్పుడైనా వచ్చి కొలవమంటాడు, నాకు తెలుసు. ఎన్నిసార్లు అడిగినా వందే చెబుతాను.